సోమలింగం డాట్ ఏఐ

హాబీ వెబ్ డెవలపర్ గారికి బటన్ మూలలు ఎన్ని పిక్సెళ్ల మేర గుండ్రంగా ఉండాలో తెలుసు. దాని నీడ ఎటు పడాలో తెలుసు. మౌస్ మీదికి వస్తే అది ఎంతసేపట్లో రంగు మారాలో మిల్లీసెకన్లతో సహా తెలుసు. ఆ బటన్ నొక్కితే ఏం జరగాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. అది రెండో దశలో చూస్తారట. రెండో దశ దాకా బతికి బట్టకట్టిన ప్రాజెక్టు వారి ఖాతాలో ఇంతవరకు ఒక్కటీ లేదు.

వారిని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. ఆ పని వారి గిట్‌హబ్ పేజీయే చేస్తోంది. పాపం, మాదాపూర్‌లోనో డాలస్‌లోనో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏదో బీమా కంపెనీ దరఖాస్తు ఫారానికి కాపలా కాస్తుంటారు. అక్కడ బటన్ రంగు మార్చాలంటే డిజైనర్ ఒప్పుకోవాలి, మేనేజర్ ఒప్పుకోవాలి, అప్పుడే నిద్రలేచిన క్లయింట్ ఒప్పుకోవాలి. మూడు మీటింగులయ్యాక పాత రంగే బాగుందని తేలుతుంది. ఐదు రోజులు అలా నోరు కట్టుకున్న మనిషి శనివారం పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే చక్రవర్తి. శాసనాల మీద శాసనాలు. ఏలుబడికి జనం ఎవరూ లేరు కాబట్టి తిరుగుబాటు భయం కూడా లేదు. అలాంటి చక్రవర్తికి మిగిలే పని ఒక్కటే: కోట గోడలకు మళ్లీ మళ్లీ రంగులు వేయించడం.

ఆ రంగులేసే విద్య పేరు సీఎస్ఎస్. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న నార్వే ఇంజనీరు హాకోన్ వియుమ్ లీ 1994 అక్టోబరులో దీన్ని ప్రతిపాదించాడు. డచ్ మిత్రుడు బెర్ట్ బోస్‌తో కలిసి రూపం దిద్దాడు. 1996 డిసెంబరులో అది అధికారిక ప్రమాణమైంది. మూల సూత్రం సులువు: పేజీలో ఏముందన్నది ఒకచోట రాయండి, అది ఎలా కనబడాలన్నది ఇంకోచోట రాయండి. మన హాబీ డెవలపర్లు ఈ సూత్రాన్ని ఎంత నిష్ఠగా పాటించారంటే, రెంటినీ శుభ్రంగా విడదీసి, మొదటిదాన్ని రాయడమే మానేశారు.

సీఎస్ఎస్ మీద వెళ్లగక్కే అభిప్రాయాల వెనక ఒకప్పుడు నిజమైన బాధ ఉండేది. 2001లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. ఏడో వెర్షన్ 2006లో గానీ దిగలేదు. నడుమ ఐదేళ్లూ వెబ్ లోకమంతా ఆ ఒక్క బ్రౌజర్ అలకలు తీరుస్తూ గడిపింది. బొమ్మ పక్కన వాక్యాలు సర్దుకోవడానికి పెట్టిన ఫ్లోట్‌తో మొత్తం పేజీకి నిలువు వరసలు కట్టారు. అవి కూలిపోకుండా క్లియర్‌ఫిక్స్ అనే తాయెత్తు కట్టారు. ఒక పెట్టెను ఇంకో పెట్టె నట్టనడుమ నిలబెట్టాలంటే మైనస్ మార్జిన్లు, టేబుల్ వేషాలు, పైన దైవానుగ్రహం కావలసి వచ్చేవి. ఆ తరం వాళ్లు తిట్టినా చెల్లింది. నెత్తిన డెడ్‌లైన్ ఉండేది, ఎదురుగా డబ్బిచ్చే కస్టమర్ ఉండేవాడు.

తర్వాత పెట్టెలను సర్దడానికే పుట్టిన ఫ్లెక్స్‌బాక్స్ వచ్చింది. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడూ ఒకే నెలలో గ్రిడ్‌ను తెచ్చిపెట్టాయి. పెట్టెను నడుమ నిలబెట్టడానికి ఇప్పుడు రెండు లైన్లు చాలు. ఇరవై ఏళ్ల తలనొప్పి తీరితే పండగ చేసుకోవాలి కదా. హాబీ లోకంలో సంతాపం పాటించారు. తిట్టడానికి ఏమీ లేకపోతే నిపుణుడని నలుగురికీ తెలిసేదెలా? అందుకే డివ్ అనే ఆ పెట్టెను మధ్యలో పెట్టడం ఎంత కష్టమో చెప్పే జోకులు ఇప్పటికీ కాఫీ కప్పుల మీదా టీషర్టుల మీదా అమ్ముడవుతున్నాయి. ఆ టీషర్టు వేసుకున్న కుర్రవాడు కోడ్ రాయడం మొదలుపెట్టేనాటికి ఆ సమస్యకు పెద్దకర్మ కూడా అయిపోయింది.

ఇక కొత్త ఫీచర్ల మీద వారి తీర్పులు వినండి. లోపల ఏముందో చూసి బయటి పెట్టెను అలంకరించే ‘హ్యాజ్’ సెలెక్టర్ కోసం ఏళ్ల తరబడి మొక్కారు. 2022 మార్చిలో సఫారీ, ఆగస్టులో క్రోమ్, 2023 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ ఆ వరం ఇచ్చాయి. ఇక వెబ్ రూపురేఖలే మారిపోతాయన్నారు. మారాయి మరి. వారి నోట్స్ యాప్‌లో టిక్ పెడితే చుట్టూ ఉన్న పెట్టె ఇప్పుడు లేత ఆకుపచ్చగా మారుతోంది. ఆ యాప్‌లో ఉన్నవి రెండు నోట్సు. ఒకటి ‘టెస్ట్’. రెండోది ‘టెస్ట్ 2’.

కంటైనర్ క్వెరీల కథా అంతే. 2010లో ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ డిజైన్ అనే మాట తెచ్చాక పేజీలు స్క్రీన్ వెడల్పును బట్టి సర్దుకోవడం నేర్చాయి. ఇప్పుడు ప్రతి పెట్టే తాను ఇమిడిన చోటు వెడల్పును చూసి సర్దుకోగలదు. వందల భాగాలున్న వార్తాపత్రిక సైటుకో, దుకాణానికో ఇది నిజంగా మేలు. మనవారి సైట్‌లో ఉన్నది ఒకే పెట్టె. అందులో ‘త్వరలో వస్తోంది’ అని ఉంది. ఆ వాక్యం మాత్రం ఏ వెడల్పులోనైనా చక్కగా సర్దుకుంటోంది, కాదనలేం.

ఒక నియమం లోపల ఇంకో నియమం రాసే నెస్టింగ్ అనే సౌకర్యం, సాస్ అనే పనిముట్టు వాడేవాళ్లకు 2006 నుంచే ఉంది. 2023లో అది నేరుగా బ్రౌజర్లలోకి దిగింది. ఆ వారమే సాస్‌కు మరణ ధ్రువీకరణ పత్రం రాసేశారు మనవారు. వారానికి ఒక టెక్నాలజీని చంపనిదే వారికి ఆదివారం మధ్యాహ్నం కునుకు పట్టదు. చచ్చిందన్న ప్రతి సరుకుతోనూ ఎక్కడో ఎవరో బ్యాంకు నడుపుతున్నారన్న సంగతి వారి దాకా రాలేదు. సోమవారం వెళ్లి తాము పనిచేసేది అలాంటి కోడ్‌లోనే అన్న సంగతి కూడా.

రంగుల విషయంలో వారు మరీ సున్నితులు. పాత పద్ధతిలో రంగు సంఖ్య పెంచితే కంటికి కనబడే వెలుగు సమానంగా పెరగదు. ఆ లోపం సరిదిద్దే ఓకేఎల్‌సీహెచ్ పద్ధతి మీద గంటసేపు ఆపకుండా మాట్లాడగలరు. ఉపన్యాసమయ్యాక వారి పేజీ తెరిస్తే, లేత బూడిద రంగు మీద ఇంకాస్త లేత బూడిద అక్షరాలు. చదవడానికి అక్షరానికీ వెనక రంగుకూ కనీసం 4.5కి 1 తేడా ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు మొత్తుకుంటున్నాయి. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోం పేజీలను జల్లెడ పడితే నాలుగింట మూడు వంతులకు పైగా ఆ పరీక్షలో తప్పుతున్నాయి. అంటే పేజీలు చేసేవాళ్లందరూ ఇరవై అయిదేళ్ల కళ్లతో, ఖరీదైన స్క్రీన్ ముందు, చీకటి గదిలో కూర్చుని చేస్తున్నారన్నమాట. చదివేవాళ్లు ఆర్టీసీ బస్సు కిటికీ పక్కన, మిట్టమధ్యాహ్నం ఎండలో, పగిలిన గ్లాసున్న ఫోన్‌తో కూర్చున్నారు.

సీఎస్ఎస్‌లో నవ్వుకోవలసినవి లేవని కాదు. అందులో ‘గ్రే’ కన్నా ‘డార్క్‌గ్రే’ లేతగా ఉంటుంది. హెచ్‌టీఎంఎల్‌లోని పదహారు రంగుల పట్టికనూ, యూనిక్స్ యంత్రాల ఎక్స్11 పట్టికనూ ఒక్క గాటన కట్టినప్పుడు ముదురు బూడిద వచ్చి మామూలు బూడిద కన్నా తెల్లబోయింది. ఇలాంటి పొరపాట్లన్నిటినీ సీఎస్ఎస్ కమిటీ వాళ్లే జాబితా కట్టి బహిరంగంగా పెట్టుకున్నారు. ప్రపంచమంతా వాడే వస్తువును తయారుచేసినవాళ్లకు తమ తప్పుల పట్టిక ఉంది. ఎవరూ వాడని వస్తువు తయారుచేసినవారికి అభిప్రాయాల పట్టిక ఉంది.

ఆ అభిప్రాయాలు ఊరికే ఉండవు, మతాలవుతాయి. పలనాటి యుద్ధానికి కోడిపందెం సాకుగా దొరికింది. వీరికి కోడి కూడా అక్కర్లేదు. ఆడమ్ వాథన్ బృందం 2017లో టెయిల్‌విండ్ తెచ్చాక హాబీ లోకం నిలువునా చీలింది. స్టైల్ ఫైలు వేరే ఎందుకు, చిన్న చిన్న క్లాసులు తెచ్చి హెచ్‌టీఎంఎల్‌లోనే గుచ్చేయమంటుంది ఒక శాఖ. ఒక్క బటన్‌కు ఇరవై క్లాసులు తగిలించి అదే సరళత అంటుంది. క్లాసు పేరులో అర్థం ఉండాలి, ఫైలు వేరుగా ఉండాలి, లేకపోతే ధర్మం నిలవదని రెండో శాఖ. ఆ శాఖ వారి పవిత్రమైన ఫైలు తెరిస్తే ప్రతి రెండో లైనుకూ ‘ఇంపార్టెంట్’ ముద్ర, జెడ్-ఇండెక్స్‌కు వరసగా తొమ్మిదులు. రెండు శాఖల వారి సైట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. పైన పెద్ద శీర్షిక, కింద రెండు బటన్లు, దాని కింద గుండ్రటి మూలల పెట్టెలు మూడు. తల్లులు వేరైనా కవలలు. ఇద్దరూ కొట్టుకున్నది దేనికో పేజీ చూసి చెప్పగలిగినవాడికి వెయ్యిన్నూటపదహార్లు.

పేజీలో ఏమీ లేనప్పుడే ఈ తగవుకు బలమెక్కువ. రాత ఉన్నచోట తగవు ఉండదనడానికి 2003లో డేవ్ షే మొదలుపెట్టిన సీఎస్ఎస్ జెన్ గార్డెన్ సాక్ష్యం. అక్కడ హెచ్‌టీఎంఎల్ ఒక్కటే. ప్రపంచంలోని డిజైనర్లు దానిలో ఒక్క అక్షరం ముట్టుకోకుండా అలంకారం మాత్రమే మార్చి లెక్కలేనన్ని రూపాలిచ్చారు. ముందు రాత ఉంది, తర్వాత అలంకారం పుట్టింది. సెర్న్‌లో టిమ్ బెర్నర్స్ లీ పెట్టిన మొట్టమొదటి వెబ్ పేజీని ఇవాళ్టి ఫోన్‌లో తెరిచినా హాయిగా చదువుకోవచ్చు. దానికి డార్క్ మోడ్ లేదు, గ్రేడియంట్ లేదు, పిల్లిలా పాకివచ్చే శీర్షిక లేదు. చెప్పవలసిన సంగతి మాత్రం ఉంది. ఆ అలంకారాలు లేని లోటు ఎవరూ కనిపెట్టలేదు.

సరే, సైడ్ ప్రాజెక్టుల దగ్గరికి వద్దాం. ఆలోచనలకు కరువే లేదు. చేయవలసిన పనుల జాబితా యాప్. వాతావరణం యాప్. ఖర్చుల ట్రాకర్. అలవాట్ల ట్రాకర్. ట్రాకర్లన్నిటినీ ట్రాక్ చేసే డ్యాష్‌బోర్డు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో అభ్యాసం కోసం చేయించే పాఠాలివే. అక్కడి పిల్లలు ఉద్యోగం కోసం చేసి, ఇంటర్వ్యూలో చూపించి, మరిచిపోతారు. మనవారు పదేళ్ల అనుభవం వచ్చాక వాటినే స్టార్టప్ ఐడియా అంటారు.

ఐడియా పుట్టిన పది నిమిషాల్లో జరిగే మొదటి పని డొమైన్ కొనడం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత పుట్టిన నాటికి డాట్ ఏఐ లేదు గానీ, ఉంటే పెళ్లి కన్నా ముందే ఆ పెళ్లికొడుకు వెళ్లి రిజిస్టర్ చేసి వచ్చేవాడు. ఈ డాట్ ఏఐ ఎవరిదనుకున్నారు? కరీబియన్ సముద్రంలో బ్రిటన్ ఏలుబడిలో ఉన్న అంగ్విల్లా అనే చిన్న దీవిది. 2023లో ఈ పేర్ల అమ్మకం మీద ఆ దీవి ప్రభుత్వానికి సుమారు 3.2 కోట్ల డాలర్లు వచ్చాయి. అక్కడి ప్రభుత్వ ఆదాయంలో అది అయిదో వంతు. కాబట్టి మనవారి సైడ్ ప్రాజెక్టు వల్ల ఎవరికీ లాభం లేదనడం అన్యాయం. సోమలింగాల పుణ్యమా అని ఒక దీవి బాగుపడుతోంది.

పేరు కొన్నాక నిర్మాణక్రమం కూడా శాస్త్రోక్తంగా నడుస్తుంది. ముందు లోగో. తర్వాత డార్క్ మోడ్. తర్వాత వెలుగు, చీకటి మారేటప్పుడు సూర్యుడు చంద్రుడయ్యే యానిమేషన్. తర్వాత గూగుల్ ఖాతాతో లాగిన్. లోపల చూడటానికి ఏముందని అడక్కండి, ముందు తలుపుకు తాళం పడాలి. ఆ తర్వాత కోటి మంది ఒక్కసారిగా వచ్చిపడితే తట్టుకునేలా సర్వర్ల ఏర్పాటు. ఇప్పటికి వచ్చిన మనుషులు ఇద్దరు. వారు ఒకరు, వారి ఫోన్ ఒకటి. ఆ పైన ఫ్రేమ్‌వర్క్ పాతబడిందని తెలిసి, మొత్తం మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడైతే యంత్రాలే కోడ్ రాసిపెడుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో ఆండ్రే కర్పాతీ దీనికి ‘వైబ్ కోడింగ్’ అని నామకరణం కూడా చేశాడు. ఇందువల్ల హాబీ లోకానికి కలిగిన మేలు తక్కువేం కాదు. ఒక ప్రాజెక్టును అర్ధంతరంగా వదిలేయడానికి గతంలో ఆరు నెలలు పట్టేది. ఇప్పుడు అదే సాయంత్రం వదిలేయవచ్చు.

చిన్న ప్రాజెక్టు పెద్దది కాలేదా అంటే అయింది. జాష్ వార్డిల్ పదాల ఆటలంటే ఇష్టపడే తన సహచరి కోసం వర్డిల్ ఆట చేశాడు. ఆడేది ఎవరో తెలుసు, ఏం కావాలో తెలుసు, రోజుకు ఒక్క పదం చాలనీ తెలుసు. 2021 అక్టోబరులో అందరికీ తెరిచిపెడితే, 2022 జనవరికల్లా న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. మనవారు దాన్నుంచి నేర్చిన పాఠం ఏమిటో తెలుసా? ఆ గళ్ల మధ్య ఎడం ఎన్ని పిక్సెళ్లో కొలిచారు.

ఇంతకన్నా మంట పుట్టించే సంగతి ఒకటుంది. ఈ అభిప్రాయ సంపన్నుల్లో తెలుగువాళ్లు తక్కువేం లేరు. తెలుగు పేజీ చేసినవారెందరు? పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, పైన శ్రీకృష్ణదేవరాయలు, ఇన్ని పేర్లతో తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. భువనవిజయం మొత్తం పైసా ఖర్చు లేకుండా దిగివస్తానంటే, మనవారు ఇంగ్లిష్ కోసం గీసిన ఫాంటు పెట్టి, తెలుగు అక్షరాలను ఫోన్ దయకు వదిలేస్తారు. ఒకవేళ పెద్దనను పిలిచినా, శీర్షికకు బోల్డ్ పెడతారు. ఆ ఫాంటులో బోల్డ్ లేదు. బ్రౌజర్ తనకు తోచినట్టు అక్షరాలకు మసి పూసి లావు చేస్తుంది. ఇటాలిక్ పెడితే అక్షరాలను మెడపట్టి పక్కకు వంచుతుంది. ఈ దొంగ వేషాలను ఆపడానికి ఫాంట్ సింథసిస్ అనే ఫీచర్ సీఎస్ఎస్‌లో ఉంది. దాని మీద వారికి అభిప్రాయం లేదు.

ఇంగ్లిష్‌కు సరిపోయే లైన్ ఎత్తు 1.2 తెలుగుకు పెడితే పై వరస వత్తులు వచ్చి కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. బటన్ ఎత్తు బిగించి, మిగిలింది దాచెయ్యమంటే ‘స్త్రీ’కి కింద ఉన్నవి తెగిపోతాయి. అండర్‌లైన్ వేస్తే వత్తు తగిలిన చోటల్లా గీత తెగి ముక్కలవుతుంది. గీతను కాస్త కిందికి దింపే ఆఫ్‌సెట్ ఫీచరూ ఉంది. వరసకు 65 అక్షరాలని కొలిచే ‘సీహెచ్’ యూనిట్ సున్నా అంకె వెడల్పుతో కొలుస్తుంది. మన అక్షరాలు ఆ కొలతకు లొంగవు. పేజీ మొదట్లో భాష తెలుగని రెండక్షరాల సంకేతం రాస్తే, చూపులేనివారి స్క్రీన్ రీడర్ తెలుగు గొంతు ఎంచుకుంటుంది. మనవారి తెలుగు పేజీలో అక్కడ ‘ఇఎన్’ అని ఉంటుంది, టెంప్లేట్‌లో అలాగే వచ్చింది కనుక.

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం, కంటికి కనబడని ఒక సంకేతంతో కలిసి, ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లను కూల్చింది. దాన్ని సరిచేయడానికి ఆపిల్ సంస్థ ఆ నెలలోనే ప్రత్యేకంగా 11.2.6 అప్‌డేట్ పంపవలసి వచ్చింది. అంత పెద్ద కంపెనీయే మన అక్షరం ముందు బోర్లా పడింది, ఇక్కడ చేయవలసిన పని ఎంతుందో చూడండని ఆ అక్షరం చెప్పకనే చెప్పింది. మనవారు ఆ వారం దాన్ని నలుగురికీ పంపి నవ్వుకున్నారు. మళ్లీ వెళ్లి టెయిల్‌విండ్ తగవులో కూర్చున్నారు.

అందుకని ఒక శిక్ష ప్రతిపాదిస్తున్నాను. వీరుండే అపార్ట్‌మెంట్‌లో వేసవి వస్తే ట్యాంకర్ల లెక్క ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. కార్యదర్శిగా ఉన్న రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి నోటు పుస్తకంలో రాసి, దాని ఫొటో తీసి, వాట్సాప్ గ్రూపులో పెడతారు. అది గుడ్ మార్నింగ్ పూల కింద పూడుకుపోతుంది. ఎవరు కట్టారు, ఎవరు ఎగ్గొట్టారని నెలకోసారి లిఫ్టు దగ్గర గొడవ. ఆ లెక్కకు ఒక్క పేజీ చేయాలి. తెలుగులో. తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలతో. లాగిన్ వద్దు, సూర్యచంద్రులు వద్దు, లోగో అసలే వద్దు.

అది చేసిన రెండోనాడు కార్యదర్శి గారు ఫోన్ చేస్తారు. “బాబూ, అక్షరాలు మరీ చిన్నవి, బొత్తిగా కనబడటం లేదు. మూడో అంతస్తు ‘శాస్త్రి’ గారి పేరు కింద సగం తెగిపోయింది. ఆయన అప్పుడే నొచ్చుకున్నారు” అంటారు. ఇన్నేళ్ల హాబీ జీవితంలో మనవారికి అందే మొదటి అసలైన ఫిర్యాదు అది. ఆ వత్తు ఎందుకు తెగిందో తెలుసుకుని అతికించగలిగితే, ఆ సాయంత్రం మేడ మీదికి రమ్మనండి. సీఎస్ఎస్ మీద ఎన్ని అభిప్రాయాలున్నా కుర్చీలు వేసుకుని వింటాం, టీ కూడా పోయిస్తాం. అతికించలేకపోతే వాదనలు కట్టిపెట్టి, ట్యాంకర్ వాటా డబ్బు కట్టమనండి. డొమైన్ రెన్యువల్‌కు మాత్రం క్రమం తప్పకుండా కడుతున్నారు కదా.